పద్నాలుగు మాత్రల మగ్దలీనమ్మ

మా పాళెంలో మగ్దలీనమ్మక్క సూది దిగని వేలు లేదు. ముప్పై ఏళ్ళకు పైగా ఆమె మా ఆరోగ్య కేంద్రంలో ల్యాబ్ టెక్నీషియన్. ఎవరి నోట జ్వరం అన్న మాట వచ్చినా చాలు, ఎడమ చేతి ఉంగరపు వేలు పట్టుకుని చురుక్కుమనిపించి, గాజు పలక మీద ఒక చుక్క మందంగా, ఒక చుక్క పల్చగా పూసుకుని పోయేది. పెళ్ళికి పోయినా, సమాధి కార్యక్రమానికి పోయినా ఆమె చేతిసంచిలో సూదులూ పలకలూ ఉండాల్సిందే. ఓట్లు అడగడానికి వచ్చిన ఒక పెద్దమనిషి ఎండకు తట్టుకోలేక ఒళ్ళు వెచ్చగా ఉందన్నాడు. మేళతాళాల మధ్యే ఆయన వేలు కూడా పొడిచింది. ఆ తర్వాత ఆయన మా వీధికి రాలేదు.

రక్తం చుక్కకు వేసే రంగు ఆమె వేళ్ళకు అంటి ఊదాగా ఉండేది. ఆ వేళ్ళతోనే అన్నం తినేది, ఆ వేళ్ళతోనే చర్చిలో ప్రభు బల్ల నాడు పంచే రొట్టె అందుకునేది. తండ్రి ఉప్పు కయ్యల్లో కూలి. నెల్లూరు మిషన్ హాస్టల్లో ఉండి చదువుకుని ఈ ఉద్యోగం తెచ్చుకుంది. భర్త జడ్సన్ గారు బస్సు కండక్టరు, గుండెపోటుతో పోయాడు. పిల్లలు లేరు. ఎవరైనా అయ్యో పాపం అని మొదలుపెడితే, "నాకేం తక్కువైందని నీకు ఏడుపు?" అని మొహం మీదే అనేది. అందుకని ఆమెను చూసి జాలిపడే ధైర్యం మాలో ఎవరికీ లేదు.

నా పేరు గిద్యోను. రొయ్యల గుంటల్లో నీళ్ళు చిలికే ఏరేటర్లకు మోటార్లు చుట్టడం నా పని. ఈ కథలో తప్పు చేసినవాణ్ణి నేనే. కాబట్టి దీన్ని ఇంకెవరో చెప్పడం కంటే నేను చెప్పడమే మర్యాద.

ముందటేడాది వానలకు ముందు ఏజెన్సీలో పంపుసెట్ల పని దొరికి నెల రోజులు కొండల్లో ఉండి వచ్చాను. వచ్చిన రెండు వారాలకు చలి పట్టుకుంది. మూడు దుప్పట్లు కప్పినా పళ్ళు టకటకలాడాయి. తర్వాత నిప్పుల మీద పెట్టినట్టు జ్వరం, ఆ తర్వాత ఒళ్ళంతా చెమట. మర్నాడు ఏమీ లేదు. ఆ మర్నాడు మళ్ళీ అదే వరస. మగ్దలీనమ్మక్క రక్తం చూసి, "మలేరియా. వైవాక్స్ రకం" అంది. మంగళవారం నుంచి మూడు రోజులు క్లోరోక్విన్, దానితో పాటు రోజుకొకటి చొప్పున పద్నాలుగు రోజులు ఇంకో మాత్ర, ప్రైమాక్విన్.

"అన్నం తిని మింగాల. మూత్రం నల్లంగా వస్తే ఆపేసి నా దగ్గరికి రా. రాకపోతే పద్నాలుగూ మింగాల. జ్వరం పోయింది గదా అని మానేసినావో, నా చేతిలో అయిపోతావు అబ్బయా" అంది.

గురువారానికి జ్వరం ఆనవాలు లేకుండా పోయింది. శుక్రవారం చర్చిలో ఉపవాస ప్రార్థన. ఉపవాసం కాబట్టి అన్నం లేదు, అన్నం లేదు కాబట్టి మాత్ర లేదు. ఆ రోజు మా పాస్టరు హెబ్రోను అయ్యగారు నా తల మీద చెయ్యి పెట్టి కన్నీళ్ళతో ప్రార్థన చేశాడు. ఆయన మంచివాడు, దొంగ ఏడుపు కాదది. నాకూ ఒళ్ళు తేలిపోయినట్టు అనిపించింది. శనివారం మాత్ర చేతిలోకి తీసుకుని, ఇంకా ఇదెందుకు అనుకుని మళ్ళీ అట్టలో దోపాను.

మా సంఘంలో ఒక పద్ధతి ఉంది. స్వస్థత పొందినవాడు ఆదివారం ఆరాధనలో లేచి సాక్ష్యం చెప్పాలి. సాక్ష్యం చెప్పినవాడు ఆ జబ్బుకు మళ్ళీ మందు వాడితే, తన మాట తానే నమ్మనట్టు. ఎవరూ రాసిపెట్టలేదు గాని అందరికీ తెలుసు. నేను లేచి, మూడో రోజున దేవుడు నన్ను లేపాడని చెప్పాను. అందరూ హల్లెలూయ అన్నారు. ఆ ఊపులో నేను ఇంకొక మెట్టు ఎక్కాను. జేబులోంచి మిగిలిన పదకొండు మాత్రల అట్ట తీసి, సంఘ పెద్ద క్రీస్తుదాసు గారు పట్టుకుని నిలబడ్డ కానుకల పళ్ళెంలో వేశాను. హల్లెలూయలు రెట్టింపయ్యాయి. నాకు గర్వంగా ఉండింది, ఆ మాట దాచను.

ఆడవాళ్ళ వైపు నుంచి మగ్దలీనమ్మక్క లేచి వచ్చింది. ఎవరి వంకా చూడకుండా పళ్ళెంలో చెయ్యి పెట్టి నోట్ల మధ్య నుంచి ఆ అట్ట తీసుకుంది.

"ఇది దేవుడికెందుకు? మలేరియా వచ్చింది ఆయనకు గాదు, గిద్యోనుకు" అంది.

నాకు తల కొట్టేసినట్టయింది. మా సంఘం పుట్టినప్పటి నుంచి కానుకల పళ్ళెంలో వేసినవాళ్ళే గాని తీసినవాళ్ళు లేరు.

ఆ సాయంత్రమే పెద్దలు కమిటీ కూర్చుని ఆమెను పిలిపించారు. పళ్ళెంలో చెయ్యి పెట్టడం ఒక తప్పు, సాక్ష్యాన్ని అవమానించడం ఇంకొక తప్పు, సంఘం ముందు క్షమాపణ చెప్పమన్నారు. "చెప్పను" అంది. క్షమాపణ చెప్పేదాకా ప్రభు బల్లలో నీకు భాగం లేదన్నారు. "సరే" అని లేచి వచ్చేసింది. తల్లి కడుపులో ఉన్నప్పటి నుంచి అదే చర్చిలో పెరిగిన మనిషి. ఆ మాట ఆమెను ఎంత కోసిందో నాకు తర్వాత తెలిసింది. అప్పుడు మాత్రం ఆమెకు తగిన శాస్తి జరిగిందనే అనిపించింది.

మర్నాడు పొద్దున్నే ఆ అట్టతో మా ఇంటి గుమ్మంలో నిలబడింది.

"వద్దక్కా. సాక్ష్యం చెప్పినాక మింగితే దేవుడి ముందర అబద్ధికుణ్ణి అయిపోతా" అన్నాను.

"మింగకపోతే నీ పెళ్ళాం ముందర అయిపోతావు" అంది.

నా భార్య అబిగయీలుకు అప్పుడు నాలుగో నెల. ఆమె కూడా నా పక్షమే. "మా ఆయన విశ్వాసం మీకెందుకు కష్టంగా ఉండాది?" అని తలుపేసింది. మగ్దలీనమ్మక్క పదకొండు రోజులు వరసగా వచ్చింది. పదకొండు రోజులూ తలుపు వేయించుకుని పోయింది. ఆదివారాలు చర్చికి వచ్చి చివరి వరసలో కూర్చుని అందరికంటే గట్టిగా పాటలు పాడేది. నెల మొదటి ఆదివారం, ప్రభు బల్ల నాడు, రొట్టె పళ్ళెం ఆమెను దాటుకుని పోతుంటే తల ఎత్తుకునే కూర్చునేది.

ఏడు వారాలు గడిచాయి. ఒక మధ్యాహ్నం గుంట కట్ట మీద మోటారు విప్పుతుంటే చేతిలో స్పానరు వణికింది. ఎర్రటి ఎండలో చలి. అదే చలి. నాకు మొదట వచ్చింది జ్వరం భయం కాదు, పరువు భయం. ఎవరికీ చెప్పకుండా ఒక రోజంతా మోటారు షెడ్డులో పడుకున్నాను. మూడో రోజు మళ్ళీ వస్తే అక్కడి పనివాళ్ళే మోసుకెళ్ళి ఆరోగ్య కేంద్రంలో పడేశారు.

జ్వరం రొయ్యల గుంటల్లో పనికి వచ్చిన ఒడిశా కుర్రాళ్ళు తెచ్చారని పాళెం ఒక్క పూటలో తేల్చేసింది. మగ్దలీనమ్మక్క గుంటల మీదికి పోయి ఇరవై రెండు మంది ఒడిశా వాళ్ళ రక్తం తీసి చూసింది. ఒక్కరికీ లేదు. "తెచ్చింది మన సాక్ష్యాల గిద్యోనే" అని టీ కొట్టు దగ్గర అందరూ వినేట్టు చెప్పి వచ్చింది.

తర్వాత నన్ను మైక్రోస్కోపు ముందు కూర్చోబెట్టింది.

"చూడు. ఈ గుండ్రాలన్నీ నీ ఎర్ర కణాలు. వాటి లోపల ఉంగరం మాదిరి, రాయి పొదిగినట్టు ఎర్ర చుక్కతో కనపడతా ఉందే, అదే పురుగు."

చూశాను. నా రక్తంలో నాది కానిది కాపురం పెట్టి ఉంది.

"దోమ కుట్టేటప్పుడు దాని ఎంగిలితో లోపలికి వస్తాది. నేరుగా కాలేయంలోకి పోతాది. ఆడ కొన్ని ఒకటికి వేలై రక్తంలోకి దిగతాయి. కొన్ని మాత్రం ఆడనే నెలల తరబడి, ఒక్కోసారి ఏడాది దాకా నిద్రపోతాయి. రక్తంలో దిగింది కణంలో దూరి, తిని, పెరిగి, రెండు రోజులకు కణాన్ని పగలగొట్టుకోని బయటికొచ్చి ఇంకో కణంలో దూరతాది. అన్నీ ఒక్కసారే పగులుతాయి. నీకు చలి పుట్టేది అప్పుడే. అందుకే రోజు మార్చి రోజు."

"మరి ఆ పొద్దు తగ్గింది గదక్కా?"

"క్లోరోక్విన్ రక్తంలో ఉండేదాన్ని చంపినాది. నువ్వు లేచి చప్పట్లు కొట్టించుకునింది అప్పుడు. కాలేయంలో పడుకున్నదాన్ని చంపేది పద్నాలుగు రోజుల మాత్ర. దాన్ని పళ్ళెంలో వేసినావు. పడుకున్నది ఇప్పుడు నిద్ర లేచినాది."

నేను తల దించుకున్నాను. ఆమె వదల్లేదు. పలకను కొంచెం జరిపి మళ్ళీ చూడమంది. ఈసారి ఉంగరం కాదు, కణం నిండా పరుచుకున్న ఒక గుండ్రటి ముద్ద.

"ఇది నిన్నేం చేయదు. దోమ కోసం కాచుకోని ఉంటాది. వీటిలో ఆడవి ఉండాయి, మగవి ఉండాయి. దోమ నీ రక్తం తాగితే దాని కడుపులోకి పోయి కలుస్తాయి. పది పన్నెండు రోజులకు పిల్లలు పుట్టి దోమ ఎంగిట్లోకి ఎక్కుతాయి. ఆ దోమ మళ్ళీ ఎవరినో కుడతాది."

"ఎవరిని?"

"నీ పక్కన పడుకునేది ఎవరు?"

అబిగయీలుకు ఆరో నెల నడుస్తోంది. కడుపుతో ఉన్నవాళ్ళకు ఈ జ్వరం వస్తే తల్లికి రక్తం తగ్గిపోతుంది, బిడ్డ బరువు తగ్గుతుంది, ఒక్కోసారి నెలలు నిండకుండానే పోతుంది. పైగా పద్నాలుగు రోజుల మాత్ర వాళ్ళకు ఇవ్వకూడదు. లోపలి బిడ్డకు ప్రమాదం. కాలేయంలో పడుకున్న పురుగును కాన్పు దాటేదాకా అలాగే మోయాలి. మగ్దలీనమ్మక్క ఈ మాటలు చెప్పేటప్పుడు తిట్టలేదు. ఆమె తిట్టకపోతే సంగతి ఎంత పెద్దదో మా అందరికీ తెలుసు.

మా ఇంటికి వచ్చి గోడ మీది చర్చి క్యాలెండరు ముందు నిలబడింది. నాకు మళ్ళీ చలి వచ్చిన రోజు మీద వేలు పెట్టింది.

"దోమలో పన్నెండు రోజులు. కాలేయంలో ఇంకో పన్నెండు, పద్నాలుగు. వచ్చే నెల మొదటి వారం దాటినాక గాని ఏ సంగతీ చెప్పలేను" అని రెండు తేదీల చుట్టూ గీత గీసింది. అబిగయీలు ఆ గీతను చూసి నా వంక చూసింది. అంతకంటే చెంప మీద కొట్టినా బాగుండేది.

నాకు మళ్ళీ క్లోరోక్విన్, మళ్ళీ పద్నాలుగు మాత్రలు. "యాడ మానేసినావో ఆడనే మింగాల" అంది మగ్దలీనమ్మక్క. రోజూ పొద్దున ఏడున్నరకు, ఇడ్లీ తిన్నాక, చర్చి మెట్ల మీద నిలబడాలి. ఆమె గ్లాసుతో నీళ్ళు ఇచ్చేది. మింగాక నోరు తెరిపించి నాలుక కింద కూడా చూసేది. గుంటల మీదికి పోయేవాళ్ళు సైకిళ్ళు ఆపి చూసేవాళ్ళు. మొదటి రెండు రోజులు నేల చీలితే లోపలికి పోదామనిపించింది. మూడో రోజు నుంచి సిగ్గు కంటే ఆ తేదీల చుట్టూ గీసిన గీతే ఎక్కువ గుర్తొచ్చింది.

అయిదో రోజు అయ్యగారు, క్రీస్తుదాసు గారు కలిసి వచ్చారు.

"అక్కా, ఇంట్లో ఇచ్చుకోరాదా? చర్చి ముందర ఈ తమాషా ఎందుకు? చూసేవాళ్ళ విశ్వాసం పల్చనైపోతాది" అన్నాడు అయ్యగారు.

"మాత్ర మింగితే పల్చనైపోయే విశ్వాసమా అయ్యగారూ? అయితే దానికి కూడా పద్నాలుగు రోజులు మందు ఇయ్యాల" అంది.

క్రీస్తుదాసు గారికి కోపం వచ్చింది. "ఇప్పటికే బల్ల ఆపినాం. ఇట్టా అయితే సభ్యత్వమే తీసేస్తాం" అన్నాడు.

"తీసేయండి. రేపు ఏడున్నరకు మళ్ళీ ఈడనే ఉంటా."

ఆమె గొంతు పైకే లేచింది గాని, చూపు మాత్రం సమాధుల వైపు పోయింది. సభ్యత్వం పోతే జడ్సన్ గారి పక్కన సమాధికి చోటు కూడా ఉండదు. ఆ సంగతి ఆమెకు తెలుసు, వాళ్ళకూ తెలుసు. మర్నాడు ఏడున్నరకు అక్కడే ఉంది. పద్నాలుగూ మింగించింది.

ఆ దినాలన్నీ అబిగయీలు పొద్దు వాలీ వాలకముందే దోమతెరలో దూరేది. నేను వేరే తెరలో. పాడుబడ్డ రొయ్యల గుంటల్లో వాననీళ్ళు నిలిచి దోమలు రేగిపోయాయి. చెవి దగ్గర ఒకటి గుయ్యిమంటే లేచి ఆమె తెర అంచులన్నీ తడిమి చూసేవాణ్ణి. ప్రార్థన చేసుకున్నాను కూడా. అయితే ఈసారి దేవుడి ముందు పెద్ద మాటలేమీ చెప్పలేదు, బిడ్డను కాపాడమన్నాను, అంతే.

గీత గీసిన వారం వచ్చింది. అందులోనే మొదటి ఆదివారం, ప్రభు బల్ల. రొట్టె పళ్ళెం ఆడవాళ్ళ వైపు తిరుగుతుండగా అబిగయీలు పక్కావిడ భుజం మీద ఒరిగింది. ఒళ్ళంతా చలి. చేతిలోని రొట్టె ముక్క ఒళ్ళో పడిపోయింది. చివరి వరస నుంచి మగ్దలీనమ్మక్క చేతిసంచితో వచ్చి, కింద కూర్చుని, ఆమె వేలు పట్టుకుంది.

"ఆరాధన జరగతా ఉంది" అన్నాడు క్రీస్తుదాసు గారు.

"జరపండి. నా పని నేను చేసుకుంటా ఉండా" అని సూది పొడిచింది.

ఆడవాళ్ళు అబిగయీలును వరండాలో పడుకోబెట్టారు. నేను మగ్దలీనమ్మక్క వెంట రోడ్డుకు అవతల ఉన్న ఆరోగ్య కేంద్రానికి పరిగెత్తాను. ఆదివారమని వేసి ఉన్న తాళం తీసింది. పలక ఆరేదాకా ఆగింది, రంగులో ముంచింది, కడిగింది, మళ్ళీ ఆరబెట్టింది. తర్వాత మైక్రోస్కోపు మీద వంగింది. నేను గుమ్మంలో నిలబడి ఆమె మొహాన్నే చూస్తున్నాను. చాలాసేపు ఆ మొహంలో ఏమీ లేదు. ఉన్నట్టుండి పలక జరిపే చెయ్యి ఆగిపోయింది.

"ఉండాది" అంది.

నేను కూలబడి ఏడ్చాను. భుజం పట్టుకుని లేపింది. "ఏడుపుకు తర్వాత టైం ఉంటాది. ఇప్పుడు మాత్రలకు టైం" అంది. ఆమె కళ్ళు కూడా తడిగానే ఉన్నాయి. క్లోరోక్విన్ కడుపుతో ఉన్నవాళ్ళకూ ఇవ్వొచ్చు. వరండాలోనే మొదటి మోతాదు వేసి, నెల్లూరు పెద్దాసుపత్రి డాక్టరుతో ఫోనులో మాట్లాడింది.

లోపల ఇంకా ముగింపు పాట పాడుతున్నారు. నేను చెప్పులు వదిలి లోపలికి పోయి మైకు దగ్గర నిలబడ్డాను. పాట ఆగింది.

"నేను సాక్ష్యం చెప్పాల" అన్నాను. "ఆ పొద్దు నాకు నయం కాలేదు. నయమైందని చెప్పినా. పదకొండు మాత్రలు పళ్ళెంలో వేసినా. మగ్దలీనమ్మక్క వాటిని తీసి పదకొండు రోజులు నా గడప తొక్కితే తలుపేసినాం. ఆ సాక్ష్యం ఇప్పుడు నా పెళ్ళాం నెత్తురులో ఉండాది."

ఎవరూ ఆమెన్ అనలేదు. నేను వచ్చి అబిగయీలు పక్కన కూర్చున్నాను.

కాసేపటికి హెబ్రోను అయ్యగారు రొట్టె పళ్ళెం చేత్తో పట్టుకుని వరండాలోకి వచ్చాడు. మొహం వాడిపోయి ఉంది. "తీసుకో అక్కా. సంఘం క్షమించింది" అన్నాడు.

మగ్దలీనమ్మక్క ఊదారంగు చేతులు ఒళ్ళోనే పెట్టుకుంది. దాదాపు మూడు నెలలుగా ఆమె ఎదురుచూసిన రొట్టె అది.

"క్షమించేదానికి నేనేం తప్పు చేసినా? లోపలికి పోయి, ఆమె తప్పు చేయలేదని చెప్పి రండి. అప్పుడు తీసుకుంటా."

ఆయన అక్కడే నిలబడ్డాడు. పళ్ళెంలోకి చూశాడు, అబిగయీలును చూశాడు. తర్వాత లోపలికి పోయాడు. మైకులో ఆయన గొంతు మా అందరికీ వినపడింది. "ఆమె తప్పు చేయలేదు. మేం చేసినాం." క్రీస్తుదాసు గారు ఆ రోజు లేచి వెళ్ళిపోయాడు. అయ్యగారు పళ్ళెంతో మళ్ళీ వరండాలోకి వచ్చాక మగ్దలీనమ్మక్క చెయ్యి చాపి రొట్టె తీసుకుంది, తిన్నాక చాలాసేపు తల ఎత్తలేదు.

అబిగయీలు కాన్పు దాకా వారం వారం క్లోరోక్విన్ మాత్రలు మింగింది. రెండు నెలలకు షారన్ పుట్టింది. బరువు తక్కువ, గొంతు మాత్రం ఎక్కువ. బిడ్డ మడమ పొడిచి తీసిన రక్తంలో పురుగు లేదు. కానీ తల్లి కాలేయంలో పడుకున్నది అలాగే ఉంది. పద్నాలుగు రోజుల మాత్రకు మాత్రం, పాలు తాగే బిడ్డకు ఆరు నెలలు నిండేదాకా ఆగమని డాక్టరు చెప్పాడు. ఆ మధ్యలో మగ్దలీనమ్మక్క రిటైరైంది. కొత్త టెక్నీషియన్ వచ్చాడు. ఈమె మాత్రం నెలనెలా సూదితో వచ్చేది. "నన్ను రిటైర్ చేసింది గవర్నమెంటు. అబిగయీలు కాలేయంలో ఉండేది గాదు" అనేది.

ఆరు నెలలు దాటాక ఆ మాత్ర తల్లికీ బిడ్డకూ పడుతుందా లేదా అని నెల్లూరులో రక్తపరీక్షలు చేసి, ఇవ్వొచ్చన్నారు. అబిగయీలు తనంతట తనే చర్చి మెట్ల మీదికి పోయింది. షారన్‌ను చంకలో పెట్టుకుని రోజుకొకటి చొప్పున మింగింది. ఆఖరి మాత్ర ఆదివారం వచ్చింది. మింగి లోపలికి వచ్చి కూర్చుంది. సాక్ష్యాల సమయంలో క్రీస్తుదాసు గారే ఆమె దగ్గరికి వచ్చాడు.

"అమ్మా, పద్నాలుగూ అయిపోయినాయి గదా. లేచి సాక్ష్యం చెప్పు" అన్నాడు.

అబిగయీలు బిడ్డను ఇంకో భుజానికి మార్చుకుని, కూర్చున్న చోటు నుంచి కదలకుండా, అందరికీ వినపడేట్టు చెప్పింది.

"ఇంకో సంవత్సరం ఆగండి. మగ్దలీనమ్మక్క నెత్తురు చూసి లేదంటే, అప్పుడు చెప్తా."